“అవును, కాదు” అనేవాళ్లదే ఆట

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆదివారం రాత్రి, అంటే అమెరికాలో ఉన్నవాళ్లకి పొద్దున, ఒక ఆట నడుస్తుంది. ఒకరు ఏదో ఒక వస్తువుని మనసులో అనుకుంటారు. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. అనుకున్నవాళ్లు “అవును” అనో “కాదు” అనో చెప్పాలి, ఇరవై ప్రశ్నలు అయ్యేలోపు అదేంటో కనుక్కోవాలి. మీరూ ఎక్కడో ఒకచోట ఆడే ఉంటారు, రైల్లోనో, కరెంటు పోయిన రాత్రి డాబా మీదో, కాలేజీ బస్సులోనో. కనుక్కున్నవాళ్లకి మా గ్రూపులో చప్పట్లు, పూలగుత్తులు, గంతులేసే బొమ్మలు వచ్చి పడతాయి. ఆ వస్తువుని ఎంచుకుని, అరగంట సేపు నలుమూలల నుంచీ వచ్చే ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు చెప్పిన మనిషిని మాత్రం ఒక్కరూ పట్టించుకోరు. నాకు అక్కడే మండుతుంది. ఈ ఆటలో అసలు కష్టం, అసలు తెలివి, ఆఖరికి నిజాయితీ కూడా జవాబు చెప్పేవాళ్ల దగ్గరే ఉన్నాయని నా వాదన. ప్రశ్నలు అడగడం నేర్చుకుంటే వస్తుంది, యంత్రాలక్కూడా ఎప్పుడో వచ్చేసింది. జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

మా బావగారు ఒప్పుకోరు. ఆయన హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, లెక్కల మనిషి. “జవాబు చెప్పేవాడు స్విచ్ లాంటివాడు బామ్మర్దీ. ఆన్, ఆఫ్. అంతకు మించి వాడికి పనేం లేదు” అంటారు.

ఆయన వైపు లెక్క బలంగానే ఉంది, కాదనను. ఒక్కో ప్రశ్నకి రెండే జవాబులు కాబట్టి ఒక ప్రశ్నతో రెండు వస్తువుల్ని, రెండు ప్రశ్నలతో నాలుగింటిని, పది ప్రశ్నలతో 1,024 వస్తువుల్ని వేరు చేయొచ్చు. ఇరవైకి వచ్చేసరికి అది 10,48,576 అవుతుంది. ప్రతి ప్రశ్నా ఉన్నవాటిని సగానికి సగం చేసేలా అడగగలిగితే పది లక్షల పైచిలుకు వస్తువుల్లో ఫలానాది ఇదీ అని తేల్చేయొచ్చన్నమాట. అన్ని వస్తువుల పేర్లు మా గ్రూపు మొత్తాన్ని కూర్చోబెట్టి రాయించినా రావు. కాబట్టి ఓడిపోయారంటే అడగడం చేతకాకే ఓడిపోయారని బావగారి తీర్పు. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా గణితవేత్త సమాచారాన్ని కొలవడానికి ఒక లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం అవునో కాదో సమానంగా వచ్చే అవకాశం ఉన్న ప్రశ్నకి జవాబు వస్తే మనకి అందేది ఒక బిట్, బియ్యానికి కిలోలాగా సమాచారానికి అదొక కొలత. అవును వచ్చినా ఒక బిట్టే, కాదు వచ్చినా ఒక బిట్టే.

ఈ చివరి ముక్క మాత్రం బావగారు మా గ్రూపులో అందరి ఫోన్లలోనూ వాల్‌పేపర్‌గా పెట్టించాలి. “కాదు” వస్తే మావాళ్లు ఏడుపు బొమ్మ పెడతారు, ఏదో ఓడిపోయినట్టు. అవును వస్తే చాలు కొండెక్కినంత సంబరం. అందుకే న్యూజెర్సీలో ఉన్న మా చిన్నాన్న కూతురి కొడుకు మూడో ప్రశ్నకే “రిమోటా?” అని దూకుతాడు. అయితే అయినట్టు, కాకపోతే ఒక ప్రశ్న పోయి రిమోటు ఒక్కటే పక్కకి పోయినట్టు. “అరచేతిలో పడుతుందా?” అని అడిగి కాదు అనిపించుకున్నా ఇంట్లో సగం సామాను పక్కకి పోతుందని వాడికి చెప్పి చెప్పి వాళ్లమ్మ విసిగిపోయింది.

ఇంతవరకూ బావగారితో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఈ లెక్క అంకెలకి కుదిరినట్టు వస్తువులకి కుదరదు. ఒకటి నుంచి వెయ్యి లోపు ఒక అంకె అనుకోమంటే “ఐదొందల కంటే పెద్దదా?” అని అడగొచ్చు, 513 పెద్దదా చిన్నదా అన్నదాని మీద ప్రపంచంలో ఎవరికీ తగాదా ఉండదు. వస్తువులు అలా వరసలో నిలబడి ఉండవు. “బరువుగా ఉంటుందా?” అంటే ఎవరికి బరువు? “చెక్కతో చేసిందా?” అంటే రోకలి చెక్కే, కానీ కింద పొన్ను ఇనుము. “ఖరీదైనదా?” అంటే ఇంకేం చెప్తాం. గీత ఎక్కడ గీయాలో ప్రశ్నలో ఉండదు. అప్పటికప్పుడు, అడిగిన మనిషి దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో ఊహించి, గీసేది జవాబు చెప్పేవాళ్లు. స్విచ్ ఈ పని చేయదు.

తెనాలిలో ఉండే మా పెద్దమ్మ వంతు వచ్చిన ఒక ఆదివారం సంగతి చెప్తాను, నా వాదనంతా అందులోనే ఉంది. పెద్దమ్మకి టైపింగ్ చేతకాదు, అన్నీ వాయిస్ మెసేజీలే. ప్రాణం ఉందా? లేదు. ఇంట్లో ఉండేదేనా? అవును. కరెంటుతో నడుస్తుందా? కాదు. వంటింట్లోదా? దీనికి ఒక పెద్ద మెసేజ్ వచ్చింది, “మేమైతే వసారాలో వేసుక్కూర్చుంటాం, గాలి ఆడుద్దని, అయినా వంటింట్లోదే అనుకోండి, అవునని రాసుకో” అని. చెక్కతో చేసిందా? అవును. మొత్తం చెక్కేనా? కాదు. ఇక్కడిదాకా బండి బాగానే నడిచింది. అప్పుడు బావగారు అడిగారు, “చేత్తో పట్టుకుని వాడతామా?” కొంచెం ఆగి పెద్దమ్మ “కాదు” అంది. “వాడేటప్పుడు కదులుతుందా?” మళ్లీ “కాదు”. అంతే, అందరూ అల్మరాల మీద, జాడీలు పెట్టే చెక్కల మీద, పోపుల పెట్టె మీద పడ్డారు. ఎవరో “కూర్చుని వాడేదా?” అని అడిగితే అవును అంది, వెంటనే “పీటా?” అని ఐదుగురు ఒకేసారి. “కాదు గానీ దగ్గరికొచ్చార్రా” అంది పెద్దమ్మ. అలా అనకూడదని బావగారు అలిగారు. ఇరవై అయిపోయాయి. ఎవరికీ తట్టలేదు.

కత్తిపీట.

ఇక చూడండి గొడవ. కత్తిపీటని చేత్తో పట్టుకోరా, కూరగాయలు కోసేటప్పుడు కదలదా, ఇదేం జవాబు అత్తయ్యా అని బావగారు. పెద్దమ్మ వాయిస్ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో స్టార్ పెట్టి దాచుకున్నాను. “కాలితో తొక్కిపెట్టి రెండు చేతుల్తోనూ వంకాయ పట్టుకుంటాం నాయనా. కత్తిపీటెక్కడ కదుల్తుంది, కదిలేది వంకాయ. పీట కదిలిందంటే వేలు తెగుద్ది.”

నూటికి నూరుపాళ్లు నిజం. చాకుతో కోస్తే కూర కదలదు, చాకు కదులుతుంది. కత్తిపీట మీద చాకు నిలబడి ఉంటుంది, కూర దాని మీదికి వెళ్తుంది. ఆ ఆటంతట్లో బంగారం లాంటి ఆనవాళ్లు ఆ రెండు “కాదు”లే. వంటింట్లో, చెక్కా ఇంకేదో కలిసి, కూర్చుని వాడేది, చేత్తో పట్టుకోనిది, కదలనిది, ఇంకేం కావాలి? కానీ మాకు కోసేదంటే చేత్తో పట్టుకునేదే అని బుర్రలో నాటుకుపోయింది. ఆ రెండు జవాబులూ విని కోసే సామానంతా అవతల పడేశాం. “కోసేదా?” అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. జవాబు చెప్పిన మనిషి మాత్రం ప్రతి ప్రశ్నకీ కళ్లు మూసుకుని కత్తిపీట ముందు కూర్చుని, కాలు ఎక్కడుందో చేతులెక్కడున్నాయో చూసుకుని చెప్పింది. ఎన్నో ఏళ్లు వాడిన వస్తువుని మళ్లీ కొత్తగా చూడాల్సొచ్చింది ఆవిడకి. ఇది ఆన్ ఆఫ్ యవ్వారమా?

ఈ ఆటని రేడియోలో పెట్టినవాళ్లకి ఈ సంగతి తెలిసినట్టుంది. అమెరికాలో 1946లో మ్యూచువల్ అనే నెట్‌వర్క్‌లో ఇది కార్యక్రమంగా మొదలైంది, మరుసటి ఏడాది బీబీసీ కూడా అందుకుంది. జంతువుకి సంబంధించిందా, మొక్కకా, ఖనిజానికా అన్నది ముందే చెప్పేవాళ్లు, అక్కడి నుంచి ఇరవై ప్రశ్నలు. నాకు నచ్చింది ఏంటంటే, స్టూడియోలో ప్రశ్నలడిగేవాళ్లకి తెలియకుండా, ఇంట్లో వినేవాళ్లకి మాత్రం ఒక గొంతు ముందే చెప్పేసేది, అనుకున్న వస్తువు ఫలానా అని. అంటే లక్షలాది శ్రోతలు కనుక్కోవడం కోసం వినలేదు. జవాబు తెలిసి, జవాబు చెప్పేవాడి పక్కన కూర్చుని విన్నారు. అడిగేవాళ్లు దగ్గరికొచ్చి ఒక్క అడుగు పక్కకి వేసి దారి తప్పితే అయ్యో అనుకోవడం, ఈ ప్రశ్నకి ఏం చెప్తాడబ్బా అని ఎదురుచూడటం, అదే వాళ్ల వినోదం. మన సినిమాల్లో హంతకుడెవరో ప్రేక్షకుడికి ముందే చూపించి హీరోకి చెప్పకుండా నడిపిస్తారు చూడండి, టెన్షన్ అందులోనే ఎక్కువ.

మన పొడుపుకథలు వేరే దారి. “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు” అని పొడిచిన మనిషి తన తెలివంతా ముందే పెట్టేసి, ఇక విప్పండి అని గోడకి జారగిలబడి కూర్చుంటాడు. కనురెప్పలు అని మనం విప్పేదాకా ఆయన నోరు మెదిపే పని లేదు. అవునూ కాదూ ఆటలో ముందే సిద్ధం చేసుకోవడానికి ఏమీ ఉండదు, ఎటునుంచి ఏ ప్రశ్న వస్తుందో తెలీదు, వచ్చినదానికి తప్పించుకోకుండా చెప్పాలి, పది నిమిషాల కింద చెప్పినదానికి ఇప్పుడు చెప్పేది అడ్డం రాకూడదు.

జవాబు చెప్పేవాడు తప్పు చెప్తే ఎంత నష్టమో లెక్కగట్టినవాళ్లు కూడా ఉన్నారు. స్తానిస్లా ఉలాం అనే గణితవేత్త 1976లో అచ్చయిన తన ఆత్మకథలో ఒక ప్రశ్న వేశాడు. ఎవరో ఒకటి నుంచి పది లక్షల లోపు అంకె అనుకున్నారు, అవును కాదు ప్రశ్నలతో ఇరవైలోపు కనుక్కోవచ్చు, సరే. జవాబు చెప్పేవాడికి ఒకటో రెండో అబద్ధాలు ఆడే వీలిస్తే అప్పుడు ఎన్ని ప్రశ్నలు కావాలి? దీని మీద గణితంలో చాలా పని జరిగింది. ఒక్క అబద్ధానికి వీలుంటే 25 ప్రశ్నలు కావాలని 1987లో ఆంజెయ్ పెల్ట్స్ అనే ఆయన తేల్చాడు. ఒక్క తప్పుడు జవాబు రావచ్చు అన్న అనుమానానికే ఐదు ప్రశ్నలు ఎక్కువ. అదీ ఎలా, అంకెల్లో, అడిగేవాడు ఎక్కడా పొరపాటు చేయకుండా, తప్పు ఒకటికి మించదని ముందే తెలిసి ఉంటే. మా గ్రూపులో ఆ సౌకర్యాలేవీ లేవు. ఒకసారి అక్క గొడుగు అనుకుని “ఇంట్లో వాడేదా?” అంటే అవును అంది, ఇంట్లోనే ఉంటుందిగా అని. ఆట అక్కడితో సరి. ఇక ఎవరు ఎంత గొప్పగా అడిగినా ఆ గొడుగు దొరకదు. అడిగేవాడు ఒక పిచ్చి ప్రశ్న వేస్తే ఒక్క ప్రశ్న పోతుంది, చెప్పేవాళ్లు ఒక్క జవాబు తప్పితే మొత్తం పోతుంది. మరి బరువు ఎటు ఎక్కువున్నట్టు?

అబద్ధమే ఆడక్కర్లేదు, నిజాలు చెప్పి కూడా పాడుచేయొచ్చు. అమెరికా టీవీలో “వాట్స్ మై లైన్?” అని ఒక కార్యక్రమం వచ్చేది, 1950లో మొదలైంది. వచ్చిన మనిషి ఏం పని చేస్తాడో అవును కాదు ప్రశ్నలతో కనుక్కోవాలి. అక్కడ ఒక్కో “కాదు”కి వచ్చినవాళ్లకి ఐదు డాలర్లు, పది కాదులైతే ఆట వాళ్లది. అప్పుడప్పుడు పేరున్నవాళ్లని పిలిచి, అడిగేవాళ్ల కళ్లకి గంతలు కట్టేవాళ్లు. 1957లో సాల్వడార్ డాలీ వచ్చాడు, మీసాల చిత్రకారుడు. ఏది అడిగినా దాదాపు అన్నిటికీ “అవును”. తనకి ఈ లోకంలో రాని పని లేదన్నట్టు. ఆయన మటుకు ఆయన నిజమే చెప్తున్నాననుకుని ఉంటాడు, పుస్తకాలు రాశాడు, సినిమాలకి పనిచేశాడు, తనే ఒక ప్రదర్శన. కానీ కార్యక్రమం నడిపే జాన్ డేలీ మధ్యలో కలగజేసుకుని, ఆ అవును అలా తీసుకుంటే మీరు దారి తప్పుతారని సర్దిచెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ యూట్యూబ్‌లో చూడొచ్చు, నవ్వు ఆగదు. డాలీ గొప్పవాడే, జవాబు చెప్పడం మాత్రం రాదు. అడిగినవాడికి ఉపయోగపడని నిజం చెప్తే అది ఈ ఆటలో నిజం కిందికి రాదు. బావగారి స్విచ్ సిద్ధాంతం ప్రకారం చూస్తే డాలీ తప్పు ఏమీ చేయలేదు మరి.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఒకటుంది, బావగారి ముందు పెడితే కాసేపు మాట్లాడలేదు. జాన్ ఆర్చిబాల్డ్ వీలర్ అనే భౌతికశాస్త్రవేత్త తనకి ఎదురైన ఒక సంగతి పదేపదే చెప్పేవాడు. భోజనాల తర్వాత అందరూ ఈ ఆట ఆడుతున్నారు. తన వంతు వచ్చి గది బయటికి వెళ్లాడు, చాలాసేపటికి గానీ లోపలికి పిలవలేదు. వచ్చి చూస్తే అందరి మొహాల్లో నవ్వు. ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. మొదట్లో టకటకా చెప్పారు, రాను రాను జవాబు చెప్పడానికి ఆలోచించి ఆలోచించి చాలా సమయం తీసుకోసాగారు. చివరికి “మేఘమా?” అన్నాడు, అవును అని అందరూ పగలబడి నవ్వారు. జరిగిందేమిటంటే, వాళ్లు ముందు ఏ మాటా అనుకోలేదు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పొచ్చు, కానీ అప్పటిదాకా వచ్చిన జవాబులన్నిటికీ సరిపోయే వస్తువు ఒకటి ఆ మనిషి మనసులో ఉండి తీరాలి, అదొక్కటే షరతు. వీలర్ దీన్ని క్వాంటం భౌతికశాస్త్రం చెప్పడానికి వాడుకున్నాడు, మనం ఏం అడిగామన్నదాన్ని బట్టే ఏం దొరుకుతుందన్నది కూడా ఉంటుందని. నాకు ఆ లోతు అక్కర్లేదు. జవాబులు రాను రాను ఆలస్యమయ్యాయి చూశారా, నాకు కావలసింది అది. వస్తువే లేకపోయినా ఆట నడిచింది. జవాబు చెప్పేవాళ్ల క్రమశిక్షణ లేకపోయుంటే రెండో ప్రశ్నకే కూలిపోయేది.

ఇది విని మా అక్క “అయితే మధ్యలో వస్తువు మార్చేసినా పట్టుకోలేం కదా” అంది. పట్టుకోలేం. పాత జవాబులకి సరిపోయే ఇంకో వస్తువులోకి జారిపోతే బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు. అడిగేవాళ్లు దగ్గరికొచ్చినప్పుడల్లా పక్కకి జరిగే మనుషులు మా గ్రూపులో ఒకరిద్దరు ఉన్నారని నా అనుమానం, పేర్లు చెప్పను. అందుకే ఇప్పుడు ఆట మొదలయ్యే ముందే అనుకున్న వస్తువు పేరు, ఆ రోజు ఆడని ఒకరికి విడిగా మెసేజ్ చేయాలని పెట్టుకున్నాం. ఎదురెదురుగా కూర్చుని ఆడితే మొహం చూసి చెప్పొచ్చు, ఫోన్లో ఆ అవకాశం లేదు.

ఫోన్లో అసలు బాధలు వేరే ఉన్నాయి. ఇటు జవాబు పెట్టేలోపు అటు నుంచి మూడు ప్రశ్నలు వచ్చి పడతాయి, మీ “కాదు” దేనికో ఎవరికీ తెలీదు. ప్రశ్నని పక్కకి లాగి దాని కిందే జవాబివ్వండని మొత్తుకుంటే నలుగురు నేర్చుకున్నారు. “తినేది కాదా?” అని తిరగేసి అడిగేవాళ్లు ఇంకో రకం, అవునన్నా కాదన్నా తినేదో కాదో తేలదు, అందుకని అలాంటివి నిషేధించాం. పెట్టిన మెసేజ్‌ని పదిహేను నిమిషాల లోపు దిద్దుకునే వీలుంది కాబట్టి కాదు కాస్తా అవును అయిపోయిన సందర్భాలున్నాయి, కింద చిన్నగా “ఎడిటెడ్” అని పడుతుంది గానీ ఆ హడావుడిలో ఎవరు చూస్తారు. అన్నిటికంటే తమాషా, “టైపింగ్” అని పైన పడుతుందే, అది. జవాబు చెప్పేవాళ్లు టైప్ చేస్తారు, ఆపేస్తారు, మళ్లీ మొదలుపెడతారు, మళ్లీ ఆపేస్తారు. ఆఖరికి వచ్చేది రెండక్షరాలో మూడక్షరాలో. బావగారు ఆ ఆగడాన్ని చూసి “ఓహో, ఇది అటూ ఇటూ కాని ప్రశ్నన్నమాట” అని పట్టేస్తారు, చాలాసార్లు దాంతోనే గెలుస్తారు కూడా. స్విచ్ అయితే అలా తటపటాయిస్తుందా బావగారూ అని అడిగితే నవ్వేసి ఊరుకున్నారు.

యంత్రాల మాట ఎత్తాను కదా. ప్రశ్నలడిగే పనిని యంత్రానికి అప్పజెప్పడం ఎప్పుడో అయిపోయింది. కెనడాలో రాబిన్ బర్జెనర్ అనే ఆయన 1988లోనే ఈ ఆట ఆడే ప్రోగ్రాం రాశాడు, అదే తర్వాత 20క్యూ పేరుతో ఇంటర్నెట్‌లోకి, ఆ తర్వాత గుప్పిట్లో పట్టే బొమ్మలోకి వచ్చింది. 2007లో ఫ్రాన్సు నుంచి అకినేటర్ వచ్చింది, తలపాగా చుట్టుకున్న భూతం మనం అనుకున్న మనిషిని చెప్పేస్తుంది, తెలుగు హీరోల్ని కూడా. జనం దాని తెలివికి నోరెళ్లబెడతారు. నేను చూసేది వేరు. అది మనకిచ్చే బటన్లు రెండు కాదు, ఐదు. అవును, కాదు, తెలీదు, బహుశా అవును, బహుశా కాదు. అంటే యంత్రానికి కూడా స్విచ్ సరిపోలేదు. పైగా దానికి వచ్చిన తెలివంతా ఎక్కడిది? ఆడినవాళ్లు చెప్పిన జవాబుల నుంచి పోగేసుకున్నదే. ఎవరో ఒకరు తప్పు చెప్పినా మిగతా జనం సరిగ్గా చెప్తారు కాబట్టి దానికి గడిచిపోతుంది. ప్రశ్నలు తన దగ్గరున్నాయి, జవాబులు మాత్రం మన దగ్గర్నుంచే తెచ్చుకోవాలి.

ఇప్పుడు చాట్‌బాట్లు జవాబు కూడా చెప్తున్నాయిగా అంటారు. “ఒక వస్తువు అనుకో, నేను కనుక్కుంటా” అంటే సరే అనుకున్నాను అంటుంది. తెర మీద రాసిన మాటలు తప్ప విడిగా ఏదీ రాసుకుని దాచుకునే చోటు దానికి లేకపోతే, అది ఏమీ అనుకోలేదనే లెక్క. అప్పటిదాకా చెప్పినవాటికి సరిపోయేలా జవాబులు పేర్చుకుంటూ పోయి, చివర్లో ఏదో ఒకటి ఇదే అంటుంది. అదే చోటి నుంచి ఇంకోసారి అడిగిస్తే ఇంకో వస్తువు చెప్పొచ్చు కూడా. వీలర్ మిత్రులు కావాలని, నవ్వు ఆపుకుంటూ చేసిన పనిని ఇది అలవాటుగా చేసేస్తుంది. ఆడుకోవచ్చు, తప్పేం లేదు, కానీ పెద్దమ్మ కత్తిపీటలా దాని ముందు ఏమీ లేదు.

వస్తువుని ఎంచుకోవడం కూడా జవాబు చెప్పేవాళ్ల పనే, సగం ఆట అక్కడే తేలిపోతుంది. ఆడేవాళ్లందరికీ తెలిసినదై ఉండాలి, అయినా ఠక్కున తట్టనిదై ఉండాలి. ఒకే ఊళ్లో ఉన్నప్పుడు ఇది పెద్ద సమస్య కాదు. తెనాలీ, హైదరాబాదూ, న్యూజెర్సీ ఒక గ్రూపులో చేరాక అందరికీ తెలిసిన వస్తువు అనేది వెతుక్కోవాల్సి వస్తోంది. మేనల్లుడు కత్తిపీటని ఎప్పుడూ చూడలేదు, ఫొటో పెడితే “ఇది ఇంట్లో పెట్టుకోవచ్చా? లీగలేనా?” అని అడిగాడు. వాడు బ్యాగులో పెట్టుకునే ఎయిర్‌ట్యాగ్, అంటే బ్యాగు ఎక్కడుందో ఫోన్లో చూపించే బిళ్ల, అనుకుంటే పెద్దమ్మ ఏం చేస్తుంది? పేరులో మొదటి అక్షరం, ఎన్ని అక్షరాలు లాంటి ప్రశ్నలు కూడా మానేశాం, ఒకరింట్లో సొరకాయ ఇంకొకరింట్లో ఆనపకాయ, ఇక అక్షరాలు ఎక్కడ లెక్కపెడతాం.

ఆ మేనల్లుడే మొన్న “నీడ” అనుకున్నాడు. నీడ వస్తువా అన్నది వేరే తగవు, అది ఇంకా నడుస్తోంది. “ముట్టుకోవచ్చా?” అని నేను అడిగాను. టైపింగ్, ఆగింది, టైపింగ్, ఆగింది. చివరికి వచ్చింది, “ముట్టుకోవచ్చు మామయ్యా, కానీ తగలదు.” అవునూ కాదు, కాదూ కాదు, నియమాల ప్రకారం చెల్లదు, బావగారు వెంటనే ఫౌల్ అన్నారు. మా గ్రూపులో ఇంతవరకూ వచ్చిన జవాబుల్లో ఇంత మంచిది నేను చూడలేదు. అందులో వస్తువుని దాచలేదు, అప్పనంగా ఇచ్చేయనూ లేదు. తర్వాతి ప్రశ్నకే వాళ్లమ్మ కనుక్కుంది, పూలగుత్తులన్నీ ఆవిడకే వెళ్లాయి. వాడికి ఒక్క చప్పట్ల బొమ్మ కూడా రాలేదు, నేను పెట్టింది తప్ప.

అందుకని ఒక మార్పు కావాలని అడుగుతున్నాను. కనుక్కున్నవాళ్లకి ఒక పాయింటు ఎలాగూ ఉంది. ఆట అయ్యాక జవాబులన్నీ పైనుంచి కిందిదాకా ఒకసారి చదివి, వస్తువు తెలిశాక కూడా అవన్నీ న్యాయంగా అనిపిస్తే జవాబు చెప్పినవాళ్లకి రెండు పాయింట్లు. ప్రతి ఆటలో ఒకే ఒక్కసారి “కొంతవరకూ” అనో “చూసేదాన్ని బట్టి” అనో చెప్పుకునే వీలు. ఒకటికి మించి ఇస్తే అందరూ దాని వెనకే దాక్కుంటారన్న బావగారి భయం నాకూ ఉంది, అందుకే ఒక్కటే. పాయింట్లు ఇస్తే వస్తువులు మరీ తేలిగ్గా ఎంచుకుంటారని అక్క అభ్యంతరం. తేలికైనది ఎంచుకుని మూడో ప్రశ్నకే దొరికిపోతే చదవడానికి జవాబులే ఉండవు కదా, ఎనిమిది ప్రశ్నలైనా దాటితేనే పాయింట్లు అని పెట్టుకుందాం అన్నాను.

గ్రూపులో పోల్ పెట్టాను. జవాబు చెప్పేవాళ్లకి కూడా పాయింట్లు ఉండాలా, అవును, కాదు. ఇది రాసే సమయానికి చెరి సగం ఉంది. పెద్దమ్మ రెండిటికీ టిక్ పెట్టింది.